బెంగళూరులో వంద సీసీ బండి: ఉన్న బలం కారిపోకుండా చూసుకోవడం ఎలా

స్ప్లెండర్, హెచ్‌ఎఫ్ డీలక్స్, ప్లాటినా, షైన్ 100. వీటిలో ఏది తీసుకున్నా ఇంజన్ ఇచ్చేది కాస్త అటూ ఇటూగా ఎనిమిది హార్స్‌పవర్. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పల్చన కాబట్టి ఆ ఎనిమిదిలో దాదాపు పదోవంతు మనం ఏ తప్పూ చేయకుండానే పోతుంది. నెల్లూరులోనో విజయవాడలోనో బాగా లాగిన బండి, హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇద్దరి బరువుతో మూడో గేరు అడిగితే బోరు పోయిందని కంగారు పడక్కర్లేదు.

అయితే మిగిలిన ఏడులో బ్రేకు పట్టేసి కొంత, టైరులో గాలి తగ్గి కొంత, చెయిన్ బిగుసుకుపోయి కొంత పోతుంటాయి. పెద్ద బండిలో ఇవి తెలియవు. వంద సీసీలో ప్రతిదీ పికప్‌లోనూ మైలేజీలోనూ కనిపిస్తుంది. అందుకే కొత్త సైలెన్సరో ఇంకోటో తగిలించాలనుకునే ముందు, ఉన్న బలం ఎక్కడ కారిపోతోందో చూడాలి. దానికి మెకానిక్ అక్కర్లేదు, ఆదివారం పొద్దున ఒక గంట చాలు.

చక్రాలు, బ్రేకులు, చెయిన్

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పండి. రెండు మూడు చుట్లు తిరిగి నెమ్మదిగా ఆగాలి. అర చుట్టుకే నిలిచిపోతే బ్రేకు పట్టేసింది, లేదా చెయిన్ మరీ బిగువుగా ఉంది. నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి, చక్రం మధ్యనున్న బ్రేకు డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూసినా తెలుస్తుంది. చేతికి సెగ కొడితే లోపలి బ్రేకు షూలు డ్రమ్ముకు రాసుకుంటున్నట్టే. (ఒక్కసారిగా తాకొద్దు, ముందు అరచేయి దగ్గరగా పెట్టి చూడండి.)

దీనికి చాలాసార్లు కారణం చెయిన్ బిగించడమే. చెయిన్ బిగించినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, దాంతో బ్రేకు రాడ్డు లాగబడి షూలు డ్రమ్ముకు ఆనుకుంటాయి. చెయిన్ బిగించిన ప్రతిసారీ రాడ్డు చివరి నట్టును మళ్లీ సరిచేయాలి. పెడల్ 20 నుంచి 30 మి.మీ. ఖాళీగా దిగాక బ్రేకు పట్టుకోవాలి. రోడ్డు పక్క షాపుల్లో హడావిడిలో ఈ ఒక్క పని వదిలేస్తుంటారు. బండి తీసుకునే ముందు చక్రం తిప్పి చూపించమని అడగండి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు డ్రమ్ము మీది బాణం గుర్తు, పక్కనున్న గీత దాకా వచ్చేసిందంటే షూలు మార్చాల్సిన సమయం వచ్చింది. నట్టు తిప్పుతూ ఇంకో నెల లాగొద్దు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

2019 ఏప్రిల్ తర్వాత అమ్మిన 125 సీసీ లోపు బండ్లలో వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పట్టే ఏర్పాటు ఉంటుంది. వాటిలో ముందు కేబుల్, వెనక రాడ్డు ఏ వరసలో బిగించాలో ఓనర్స్ మాన్యువల్లో చూసి అలాగే చేయండి. ఒకటి ఎక్కువ బిగిస్తే రెండోది సరిగ్గా పనిచేయకపోవచ్చు.

చెయిన్ విషయానికి వస్తే, ఈ బండ్లలో చాలావాటికి చెయిన్ కవరు పూర్తిగా మూసి ఉంటుంది కాబట్టి కళ్లకు కనబడదు, కనబడదు కాబట్టి గుర్తుకు రాదు. కవరు కింది భాగంలో ఒక రబ్బరు బిరడా ఉంటుంది, దాన్ని తీసి వేలితో చెయిన్‌ను పైకీ కిందికీ ఆడించండి. మొత్తం ఆట 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉండాలి. చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. పాత చెయిన్ అంతటా ఒకేలా సాగదు. ఎక్కడ అన్నిటికన్నా బిగువుగా ఉందో అక్కడే కొలిచి బిగించాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే, బిగువు చోటు వచ్చినప్పుడల్లా స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) బేరింగ్ మీద భారం పడుతుంది, ఇంజన్‌లోంచి వచ్చే షాఫ్ట్ దగ్గర ఆయిల్ సీలు కూడా దెబ్బతింటుంది. రెండు వైపులా అడ్జస్టర్ గుర్తులు సమానంగా ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుని బండి ఒక పక్కకు లాగుతుంది.

నూనెకు 90 నంబరు గేరు ఆయిల్ సరిపోతుంది. కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక, లోపలి వైపు లింకుల మీద చుక్కలు చుక్కలుగా వేసి, రాత్రంతా వదిలేయండి. ఇంజన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ పోయకండి, అందులోని లోహపు రజను చెయిన్‌ను అరగదీస్తుంది. పళ్లు కొక్కేల్లా వంగిన స్ప్రాకెట్ మీద కొత్త చెయిన్ వేయడం డబ్బు దండగ. చెయిన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాలి.

టైరు గాలి వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వంద సీసీ బండ్లలో సాధారణంగా ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కరే అయితే 28. వెనక ఇంకొకరు కూర్చుంటే స్ప్లెండర్ లాంటి బండ్లకు కంపెనీ చెప్పేది 40 దాకా ఉంటుంది. మీ బండి లెక్క చెయిన్ కవరు మీది స్టిక్కరులో ఉంటుంది. డెలివరీ బ్యాగు వేసుకుని తిరిగేవాళ్లు దాన్ని సగం మనిషిగా లెక్కేయండి.

ఆయిల్

ఇక్కడ కిలోమీటర్ల లెక్క మోసం చేస్తుంది. సిల్క్ బోర్డ్ దగ్గర, మారతహళ్లి దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు మీటరు తిరగదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కు నిలబడి ఉన్నప్పుడు గాలే తగలదు. ఇందులో పట్టే ఆయిల్ లీటరు కూడా ఉండదు, ఆ కాస్తా ఇంజన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ కలిపి. స్ప్లెండర్ తరహా ఇంజన్లలో కాగితపు ఫిల్టర్ ఉండదు. ఒక జాలీ, గిరగిర తిరిగి మడ్డిని అంచుకు నెట్టే ఒక డబ్బా, అంతే. కంపెనీ 6000 అని రాసినా, రోజంతా సిటీ ట్రాఫిక్‌లో తిరిగే బండికి 3000 కిలోమీటర్లకు మార్చడం న్యాయం. 30 సెకన్లకు మించి ఆగే సిగ్నల్లో ఇంజన్ ఆపేయండి.

ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకు క్లచ్‌కు సరిపోయే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉండాలి. కారు ఆయిల్ ఖరీదైనదైనా పోయకూడదు. అందులో జారుడు పెంచే పదార్థాలుంటాయి, ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి క్లచ్ జారుతుంది. యాక్సిలేటర్ తిప్పితే మోత పెరిగి వేగం పెరగకపోతే అదే. అప్పుడు ముందు లివరు చివర 10 నుంచి 20 మి.మీ. ఆట ఉందో లేదో చూడండి. కేబుల్ బిగువైనా ఇదే లక్షణం కనిపిస్తుంది, ఉత్త పుణ్యానికి ప్లేట్లు మార్చినవాళ్లు ఉన్నారు.

లెవెల్ చూసేటప్పుడు బండి సమంగా సెంటర్ స్టాండ్ మీద ఉండాలి. రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, ఆయిల్ కొలిచే పుల్లను తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే దించి చూడాలి. చాలా చిన్న బండ్లకు ఇదే పద్ధతి. పై గీత దాటేలా పోయకండి. ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది, సీళ్ల దగ్గర కారుతుంది, ఇంజన్ భారమవుతుంది. డబ్బాలో మిగిలింది కదా అని ఒంపేయడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు.

ఊరి నుంచి తెచ్చిన కార్బొరేటర్ బండి

2020 ఏప్రిల్ కంటే ముందు కొన్నవి దాదాపు అన్నీ కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి పంపే భాగం) బండ్లే. తీరప్రాంతంలో సెట్ చేసిన బండి ఈ ఎత్తుకు వస్తే గాలి పాలు (వంతు) తగ్గి పెట్రోలు పాలు కాస్త ఎక్కువవుతుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే పొడి మసి కనిపిస్తుంది. సరిగ్గా మండుతుంటే లేత ఇటుక రంగులో ఉండాలి. దీనికి మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే పెద్ద రంధ్రం) మార్చనక్కర్లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మెట్రో పనులు జరుగుతున్న ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ములో అది పుస్తకంలో రాసినన్నాళ్లు ఉండదు. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, పిండకుండా అదిమి, ఆరాక కొద్దిగా ఇంజన్ ఆయిల్ పట్టించండి. నూనె పూతతో వచ్చే కాగితం రకాన్ని కడగడం, గాలి కొట్టడం రెండూ పనికిరావు, మార్చేయాలి.

అప్పటికీ మసి ఉంటే కార్బొరేటర్ మీద గాలి, పెట్రోలు పాళ్లను మార్చే స్క్రూ సర్దాలి. స్క్రూ ఏ వైపు ఉందో ముందు గమనించండి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే పెరుగుతుంది. ఇది తెలియక తిప్పేవాళ్లు ఉన్న జబ్బును పెంచుతారు. పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్ (యాక్సిలేటర్ తిప్పనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కొంచెం పెంచి పెట్టండి. స్క్రూను మెత్తగా లోపలి దాకా తిప్పి (బిగించొద్దు, మొన దెబ్బతింటుంది) ఒకటిన్నర చుట్లు బయటికి తీయండి. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ ఎక్కడ అన్నిటికన్నా చురుగ్గా తిరుగుతుందో అక్కడ ఆపండి. తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో వేగం నిమిషానికి 1400 చుట్ల దగ్గరికి దించండి. ఎంత తిప్పినా తేడా రాకపోతే లోపల పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రం) మూసుకుపోయినట్టు. ఐడ్లింగ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు పగిలిందేమో చూడండి.

పాత బండి ఊళ్లో నెలలు నిలిపి తెచ్చారా? పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే విడిపోయి అడుగున చేరుతుంది, పాత రబ్బరు పైపులు, వాషర్లను ఉబ్బిస్తుంది. కార్బొరేటర్ కింది గిన్నె డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టి చూడండి, అడుగున వేరే పొరగా నీళ్లు కనబడతాయి. మూడు వారాలకు మించి బండి నిలపాల్సి వస్తే పెట్రోల్ నాబ్ మూసి గిన్నె ఖాళీ చేసి వెళ్లండి.

స్టార్ట్ కాకపోతే, దారిలో ఆగిపోతే

కిక్కు మీద కిక్కు కొట్టే ముందు పది సెకన్లు ఆలోచించండి. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే స్విచ్), పెట్రోల్ నాబ్, సైడ్ స్టాండ్, ఈ మూడూ చూడాలి. కొత్త బండ్లలో స్టాండ్ దిగి ఉంటే ఇంజన్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. స్టాండ్ తీసినా దాని స్విచ్‌లో బురద చేరితే, గేరు వేయగానే బండి ఆగుతుంది. నీళ్లతో కడిగి స్టాండ్‌ను నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే చాలాసార్లు దారికొస్తుంది.

ఆ తర్వాత ప్లగ్గు. విప్పి చూసినప్పుడు తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట (ప్లగ్గు మొన దగ్గర పడే నిప్పురవ్వ) లేదు, లేదా పెట్రోలు ముంచెత్తింది. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ఈ ఒక్క చూపుతో సగం వెతుకులాట తప్పుతుంది. ముంచెత్తితే చోక్ వాడకుండా, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టి, ఐదారు కిక్కులు కొట్టండి. మంట చూడాలంటే ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజన్‌కు ఆనించి కిక్కు కొట్టాలి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఆనించండి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. నీలంగా, టప్పున పడాలి. ఎర్రగా సన్నగా పడితే ముందు ప్లగ్గు, తర్వాత క్యాప్, ఆ తర్వాతే కాయిల్ అనుమానించండి. తిరిగి బిగించేటప్పుడు చేత్తోనే చివరి దాకా తిప్పి, ఆ తర్వాత స్పానర్‌తో కొత్తదైతే అర చుట్టు, పాతదైతే కొంచెం. అల్యూమినియం మర చెడితే హెడ్డు పని పడుతుంది.

ఇంజెక్షన్ బండిలో (కార్బొరేటర్ బదులు పంపుతో పెట్రోలు చిమ్మేది) తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు జుయ్యిమనే చప్పుడు వినబడాలి, అది పెట్రోలు పంపు. వినబడకపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడండి. బ్యాటరీ పూర్తిగా పోతే వీటిలో కొన్ని కిక్కుకు కూడా లేవవు. ఆ పంపు పెట్రోల్లో మునిగి చల్లబడుతుంది కాబట్టి రోజూ ట్యాంకు అడుగంటే దాకా నడపడం దానికి మంచిది కాదు.

పది కిలోమీటర్లు బాగా నడిచి ఆగిపోయి, కాసేపు ఆగితే మళ్లీ నడిచే జబ్బుకు ఎక్కువ డబ్బు తగలేస్తారు. ఆగిన వెంటనే, ఇంజన్ చల్లారకముందే, ట్యాంకు మూత తెరవండి. ఉస్సుమని గాలి పీల్చి బండి స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది, సన్నని తీగతో శుభ్రం చేయండి, ఖర్చు సున్నా. మార్పు లేకపోతే అప్పటికప్పుడే మంట చూడండి. వేడిలో మంట పోయి, చల్లారితే వస్తుంటే లోపం ఇగ్నిషన్ కాయిల్ (మంటకు కరెంటు ఇచ్చేది) లేదా పల్సర్ కాయిల్‌లో (మంట ఎప్పుడు పడాలో చెప్పేది) ఉన్నట్టు. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి ఇంజన్ చల్లారిపోతుంది, ఆయనకు ఏ లోపమూ కనబడదు. అందుకే ఆగిన చోట చేసే పరీక్షకే విలువ.

మంట బాగున్నా వేడిమీద స్టార్ట్ కాకపోతే టాపెట్లు (ఇంజన్ వాల్వులను నొక్కి తెరిచేవి) బిగువుగా ఉన్నాయేమో చూపించండి. ఈ ఇంజన్లలో ఆ సందు సుమారు 0.05 నుంచి 0.15 మి.మీ. మధ్య ఉంటుంది. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి, మాన్యువల్లోని అంకెకే సరిచేయాలి. చప్పుడు వస్తోందని బిగించమని అడగకండి. చప్పుడు లేని బిగువు టాపెట్ వాల్వును కాల్చేస్తుంది, సన్నగా టిక్ టిక్ మనేది హాయిగా బతుకుతుంది.

వానలో ఆగిపోవడానికి వంద సీసీ బండ్లలో పెద్ద కారణం, ముందు చక్రం చిమ్మే నీళ్లు నేరుగా ప్లగ్గు క్యాప్ మీద పడటం. మే నెలలోనే క్యాప్ తీసి, లోపలి రబ్బరు అంచుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పగిలిన క్యాప్ మార్చేయండి. అండర్‌పాస్ నీళ్లలో సైలెన్సర్ మునిగి ఇంజన్ ఆగితే సెల్ఫ్ కొట్టొద్దు. నెట్టుకుంటూ బయటికి తెచ్చి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కింది పైపు నుంచి నీళ్లు వదిలి, ఆయిల్ పుల్ల చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే మార్చే దాకా స్టార్ట్ చేయకూడదు.

మార్పులు: ఏది సరే, ఏది వద్దు

డెలివరీకీ బైక్ ట్యాక్సీకీ తిప్పేవాళ్లకు ఫోన్ ఛార్జర్ తప్పదు. 5 వోల్టుల 2 ఆంపియర్ల ఛార్జర్ అంటే బ్యాటరీ నుంచి సుమారు ఒక ఆంపియర్. ఈ బండ్లలో బ్యాటరీ 3 ఆంపియర్ అవర్ల దగ్గర ఉంటుంది, అంటే ఇంజన్ ఆపి ఛార్జింగ్ పెడితే మూడు గంటల్లో ఖాళీ. నేరుగా బ్యాటరీకి కలిపిన ఛార్జర్ వాడకపోయినా 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుంటే, సంక్రాంతికి ఊరెళ్లి వారం తర్వాత వచ్చేసరికి సెల్ఫ్ పలకదు. అందుకే తాళం తీస్తే ఆగిపోయే వైరు నుంచే కలపాలి, మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. కలిపాక మల్టీమీటరుతో బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. పెరగకపోతే ఛార్జింగ్ లోపం, కొత్త బ్యాటరీ వేసినా అది కూడా చస్తుంది.

హెడ్‌లైట్లో బల్బు తీసి ఎల్ఈడీ పెడితే తెల్లగా కనిపిస్తుంది కానీ ఆ రిఫ్లెక్టర్ దాని కోసం చేసింది కాదు. వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, రోడ్డు మీద మాత్రం గుంట కనబడదు.

స్ప్రాకెట్ మార్పు లెక్క వేసుకుని చేయదగింది. ముందు 14, వెనక 42 పళ్లుంటే నిష్పత్తి 3.0. ముందుది 13 చేస్తే 3.23, ఎత్తులు సులభం, హైవే మీద మోత ఎక్కువ. 15 చేస్తే 2.8, హిందూపురం దాకా సాఫీగా పోవచ్చు కానీ ఈ ఎత్తులో, ఇద్దరితో, నాలుగో గేరు లాగదు. బెంగళూరులోనే తిరిగే బండికి 15 వద్దు.

సైలెన్సర్ మార్పు మాత్రం నష్టమే. మోత పెరిగి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. నిజానికి కార్బొరేటర్ బండిలో పెట్రోలు పాలు తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, కింది వేగాల్లో లాగుడు తగ్గుతుంది. చట్టపరంగానూ ఇబ్బందే. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలు మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. దానికి బదులు వెనక షాక్ అబ్జార్బర్ మెట్టు సరిచేసుకోండి, చాలామంది కొన్నప్పటి నుంచి దాన్ని తాకనే తాకరు. ఇద్దరు వెళ్తుంటే సీ ఆకారపు స్పానర్‌తో ఒకటి రెండు మెట్లు పెంచాలి, రెండు వైపులా ఒకే మెట్టు. హంప్‌ల మీద బండి అడుగు తగలడం ఆగుతుంది.

ఆంధ్ర, తెలంగాణ నంబరు బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే చట్టం ప్రకారం కర్ణాటక నంబరు తీసుకోవాలి. సొంత ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ ట్యాక్స్ కట్టి దరఖాస్తు చేయాలి. ఎమిషన్ సర్టిఫికెట్ బీఎస్4, బీఎస్6 బండ్లకు ఏడాది, అంతకు పాతవాటికి ఆరు నెలలు.

విడిభాగాలకు జేసీ రోడ్డు, పనిముట్లకు ఎస్‌జేపీ రోడ్డు. పాత భాగాన్ని చేతిలో పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చి చూసి కొనండి, ఒకే పేరుతో వచ్చే బండికి కూడా ఏడాదిని బట్టి కేబుల్ పొడవు మారుతుంది. సైడ్ కవర్ లోపల పట్టేవి ఇవి: ప్లగ్ స్పానర్, ఒక కొత్త ప్లగ్గు, అదే ఆంపియర్ల ఫ్యూజులు రెండు, క్లచ్ కేబుల్ ఒకటి, 10, 12, 14 నంబరు స్పానర్లు, ఇన్సులేషన్ టేపు, పొడిగుడ్డ.